ఓరుగల్లును చదివించే కోర్సు: డిగ్రీ మొదటి ఏడాది అధ్యాపకులకు మార్గదర్శిని

వరంగల్, హనుమకొండ, కాజీపేటలలోని కాలేజీల్లో డిగ్రీ మొదటి సంవత్సరం చేరే విద్యార్థుల్లో చాలామంది ఈ నగరంలో పుట్టి పెరిగినవారు కారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ, నర్సంపేట, పరకాల వైపు నుంచి వచ్చి హాస్టల్లోనో అద్దె గదిలోనో ఉంటారు, లేదా పొద్దున బస్‌పాస్ మీద వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరుకుంటారు. మూడేళ్ల చదువు ముగిసేసరికి వారికి తెలిసిన నగరమంతా బస్టాండు, కాలేజీ, హాస్టలు, చౌరస్తాలోని నాలుగు దుకాణాలే. ఇక్కడే పుట్టిన పిల్లల సంగతీ అంతకంటే మెరుగ్గా లేదు. హనుమకొండలో పెరిగిన కుర్రవాడు ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ లోపలికి ఎన్నడూ పోయి ఉండడు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగిన అమ్మాయికి ఖిలా వరంగల్ రాతికోట లోపల ఇప్పటికీ ఇళ్లూ పొలాలూ ఉన్నాయని చెప్తే కొత్తగా ఉంటుంది.

ఈ లోటును తీర్చడానికి మొదటి ఏడాదిలో రెండు క్రెడిట్ల కోర్సు చాలు. క్రెడిట్‌కు పదిహేను గంటల చొప్పున లెక్కేస్తే మొత్తం ముప్పై గంటలు వస్తాయి. వాటిని రెండు సెమిస్టర్లకు పంచి, సగానికి పైగా తరగతి గది బయటే గడపాలి. అయితే ఇది గుళ్లు చూపించి గ్రూప్ ఫొటో దిగి తిరిగివచ్చే విహారయాత్ర కాకూడదని మొదటే గట్టిగా అనుకోవాలి. నగరం తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, వాన పడితే ఎటు పోతున్నాయి, ఇక్కడి జనం ఏ పని చేసి బతుకుతున్నారు, ఆ పనికి ధర ఎవరు కడుతున్నారు అనే ప్రశ్నలకు విద్యార్థి తన కాళ్లతో నడిచి, తన నోటితో అడిగి జవాబు రాబట్టుకోవాలి. అందుకోసం వెళ్లే చోట్లు తగ్గించి, వెళ్లినచోట ఎక్కువసేపు ఉండాలి. ఏడాదికి ఏడెనిమిది చోట్లు చాలు.

మొదటి తరగతి: సర్టిఫికెట్లు తెప్పించండి

మొదటి గంటలో నగర చరిత్ర మీద ఉపన్యాసం పెట్టవద్దు. జనన ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఆధార్ కార్డు, పదో తరగతి మెమో నకళ్లు వెంట తెచ్చుకోమని విద్యార్థులకు ముందురోజే చెప్పండి. వాటిలో జిల్లా పేరు ఎక్కడెక్కడ ఏమని ఉందో చూసి బోర్డు మీద రాయమనండి. ఒకే అమ్మాయి కాగితాల్లో ఒకదానిమీద వరంగల్ అనీ, మరొకదానిమీద జయశంకర్ భూపాలపల్లి అనీ, ఇంకొకదానిమీద ములుగు అనీ ఉండవచ్చు. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2019లో ములుగు వేరే జిల్లా అయింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లాగా, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లాగా మారాయి. పుస్తకంలో నాలుగు తేదీలుగా చదివితే మరుసటిరోజుకు మరిచిపోయే ఈ సంగతి, సొంత కాగితాల మీద కనిపించేసరికి పిల్లల మనసులో నిలుస్తుంది. ఊరి హద్దులు ఎవరో గీస్తారనీ, అవి మారుతుంటాయనీ, ఆ మార్పు తన రేషన్ కార్డు దాకా వస్తుందనీ తెలియడమే నగర అధ్యయనానికి మంచి ప్రవేశం.

అదే తరగతిలో ప్రతివాళ్ల చేత ఒక పటం గీయించండి. ఫోన్ చూడకుండా, తాము ఉంటున్న చోటు నుంచి కాలేజీ దాకా వచ్చే దారిని, దారిలో తమకు గుర్తున్నవాటిని గీయాలి. అందులో తప్పులు దిద్దవద్దు. తేదీ వేసి దాచిపెట్టండి. ఏడాది చివర మళ్లీ గీయించినప్పుడు పోల్చడానికి అది అవసరమవుతుంది.

కోర్సును రుతువుల ప్రకారం అమర్చుకోండి

ఇటువంటి కోర్సులు చాలావరకు కాలక్రమం పట్టుకుని కాకతీయులతో మొదలై స్మార్ట్ సిటీతో ముగుస్తాయి. నా అభిప్రాయంలో అది సరైన పద్ధతి కాదు. మన విద్యాసంవత్సరం వానాకాలంలో మొదలై ఎండాకాలంలో ముగుస్తుంది కనుక, నగరం కూడా ఆ వరుసలోనే కనిపించాలి. మొదటి సెమిస్టర్‌లో చెరువులు నిండి ఉంటాయి, నాలాలు పారుతుంటాయి, బతుకమ్మ వస్తుంది. రెండో సెమిస్టర్‌కు మార్కెట్‌కు మిర్చి వస్తుంది. చెరువు పాఠాన్ని మార్చి నెలలో చెప్పి, మార్కెట్‌ను ఆగస్టులో చూపిస్తే రెండూ పాడవుతాయి. కోట మాత్రం చలికాలంలో పెట్టుకోవాలి, ఎందుకంటే అక్కడ నడక ఎక్కువ, నీడ తక్కువ.

నీళ్లతో మొదలుపెట్టండి

నాకు ఈ కోర్సులో అన్నింటికంటే ముఖ్యమైనదిగా తోచేది ఇదే, అందుకే దీనికి కనీసం ఎనిమిది గంటలు కేటాయించమంటున్నాను. కాకతీయులు రాజధానిని నిలబెట్టిన నేలలో పెద్ద నది లేదు. వాన నీటిని కట్ట వేసి ఆపి, ఒక చెరువు నిండితే మత్తడి (ఎక్కువైన నీరు పొర్లిపోయే చోటు) దుంకి కిందిచెరువులోకి పోయేలా గొలుసుగా కట్టుకోవడం వల్లనే ఇక్కడ వ్యవసాయమూ నగరమూ నిలిచాయి. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఆ కాలంవే. పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులకు ఇది కొత్త విషయం కాదు. కట్ట, తూము, మత్తడి, శిఖం (చెరువులో నీరు నిలిచే నేల), ఆయకట్టు (చెరువు నీటితో సాగయ్యే నేల) అన్న మాటలు వారు చిన్నప్పటి నుంచీ వింటున్నవే. తూము తీసి నీళ్లు వదిలే నీరటి వాళ్ల ఊళ్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. కనుక ఈ పాఠాన్ని వారితోనే చెప్పించండి. నర్సంపేట వైపు నుంచి వచ్చిన విద్యార్థి బోర్డు మీద తమ ఊరి చెరువును గీసి, తూము ఎక్కడుందో, మత్తడి ఎత్తు ఎందుకు కట్ట కంటే తక్కువ ఉంటుందో వివరిస్తుంటే హనుమకొండ పిల్లలు రాసుకోవాలి. కొత్తగా వచ్చి బెరుకుగా ఉన్న పిల్లలు తమకు తెలిసినదానికి కాలేజీలో విలువ ఉందని మొదటిసారి గ్రహించేది ఇక్కడే, అందువల్ల ఈ అవకాశాన్ని అధ్యాపకులు తమ ఉపన్యాసంతో కప్పివేయకూడదు.

తర్వాత భద్రకాళి చెరువు కట్ట మీదకు తీసుకువెళ్లండి. గుడి దర్శనం వేరే సమయంలో చేసుకోవచ్చు. ఈ పూట చూడవలసింది చెరువును. నీళ్లు ఏ వైపు నుంచి లోపలికి వస్తున్నాయి, ఎటు బయటికి పోతున్నాయి, ఇళ్లు ఎంత దగ్గరిదాకా వచ్చాయి, గుట్టలు ఎటువైపు ఉన్నాయి అన్నవి చూసి గుర్తించాలి. 2023 జూలై వానలకు ఈ చెరువు కట్టకు గండి పడింది. 2024 నవంబరులో పూడిక తీయడానికి చెరువును ఖాళీ చేశారు. ఈ రెండు సంఘటనలప్పుడు అక్కడ ఉన్నవారు కట్ట చుట్టుపక్కల కాలనీల్లో, గుడి ముందు దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతారు. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద చేయి పెట్టి చూపించమని అడగాలి, ఆ ఎత్తును టేపుతో కొలిచి రాసుకోవాలి.

మరోరోజు నయీంనగర్ నాలా వెంట నడవండి. 2020 ఆగస్టులో హనుమకొండలో ఎన్నో కాలనీలు నీటమునిగిన సంగతి పిల్లలు విని ఉంటారు, కాని నీరు ఏ దారిన వచ్చిందో ఎవరూ చూపించి ఉండరు. వడ్డేపల్లి చెరువు వైపు నుంచి పల్లం ఎటు ఉందో, నాలా ఎక్కడ వెడల్పుగా ఉండి ఎక్కడ ఇరుకవుతుందో, వంతెనల కింద ఏమి పేరుకుందో గమనిస్తే, మునగడానికి కారణం వానొక్కటే కాదని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఎవరి ఇల్లు ఆక్రమణ, ఎవరిది కాదు అని అక్కడ నిలబడి తీర్పులు చెప్పనివ్వవద్దు. ఆ ఇళ్లలో ఉండేవారు మన మాటలు వింటుంటారు.

ఈ పాఠంలో చివరి పని ఇంట్లో చేసేది. ప్రతి విద్యార్థి తన హాస్టల్ లేదా ఇంటి నల్లా నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో వెనక్కు వెతుక్కుంటూ పోవాలి: నల్లా, ట్యాంకు, ఫిల్టర్‌బెడ్, ఆపైన జలాశయం. వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువులకు కాకతీయ కాలువ ద్వారా వచ్చే గోదావరి నీరు శ్రీరాంసాగర్ నుంచి ఎంత దూరం ప్రయాణించి తన గ్లాసులోకి వచ్చిందో తెలుసుకున్న విద్యార్థికి, ఉత్తర తెలంగాణ పటం మొత్తం ఆ ఒక్క దారిలో కనిపిస్తుంది.

బతుకమ్మ సెలవులకు ముందు ఒక చిన్న పని ఇవ్వండి. ఏ పూలు ఎక్కడ కోసుకొచ్చారు, బతుకమ్మను ఏ నీటిలో వేశారు, పదేళ్ల కిందట ఎక్కడ వేసేవారు అని ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకురావాలి. తంగేడు, గునుగు ఎక్కడ దొరకడం మానేశాయో ఆ జవాబుల్లోనే తెలుస్తుంది.

కోటలో ఏమి చూడాలి

వేయిస్తంభాల గుడికి గంటన్నర చాలు. అక్కడి 1163 నాటి సంస్కృత శాసనం ముందు పిల్లలను కూర్చోబెట్టి, కాకతి రుద్రదేవుడు ఎవరికీ సామంతుడు కాని రాజుగా తన విజయాలను ఎలా చెప్పుకున్నాడో, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే మంటపం చుట్టూ గుళ్లు ఎలా కట్టించాడో చెప్పాలి. ఏళ్ల తరబడి విడదీసి ఉన్న కల్యాణ మంటపం పునరుద్ధరణ పూర్తయి 2024 మార్చిలో మళ్లీ తెరుచుకుంది. పాత రాయి ఏది, కొత్తగా చెక్కి పెట్టింది ఏది అని వేరుచేయమనండి. రంగులో, ఉలి గాటులో తేడా దగ్గరికి పోయి చూస్తేనే తెలుస్తుంది.

ఖిలా వరంగల్‌కు మాత్రం ఒక పూర్తి ఉదయం కావాలి. అందరూ నేరుగా కీర్తి తోరణాల దగ్గర బస్సు దిగుతారు, అలా చేయవద్దు. మట్టికోట బయట దిగి నడవండి. ముందు మట్టికట్ట, తర్వాత కొంత దూరం, ఆపైన కందకం, రాతిగోడ. రాతికోట ద్వారంలో దారి నేరుగా పోదు, రెండుసార్లు లంబకోణంలో మలుపు తిరుగుతుంది. దాడికి వచ్చిన సైన్యం వేగం అందుకోలేకపోవడానికి, పైనుంచి బాణాలకు చిక్కడానికి అలా కట్టారని ఆ మలుపులో నిలబడినప్పుడు చెప్తే వేరే బొమ్మలు అక్కర్లేదు. ఆ దారిగుండానే ఇప్పుడు బైకులూ ఆటోలూ పోతుంటాయి, కాబట్టి పిల్లలను గోడవార నిలబెట్టండి.

లోపల నాలుగు తోరణాల నడుమ ఉన్నది స్వయంభూ శివాలయపు శిథిలం. 1323లో ఢిల్లీ సైన్యానికి ప్రతాపరుద్రుడు ఓడిపోయాక ఆ గుడి కూలిపోయింది, తోరణాలు మాత్రం నిలిచాయి. వాటినే 2014 తర్వాత రాష్ట్ర చిహ్నంలో చూస్తున్నాం. కొద్ది దూరంలో ఏటవాలు గోడలతో ఖుష్ మహల్ ఉంది. దాన్ని కాకతీయుల తర్వాత వరంగల్‌ను ఏలిన షితాబ్‌ఖాన్ కట్టించాడని ఇక్కడివారు చెప్పుకుంటారు. కట్టడపు తీరు తుగ్లక్ కాలానిదని భావించే పండితులూ ఉన్నారు. ఈ రెండు మాటలూ చెప్పి, గోడల వాలునూ లోపలి కమానులనూ చూసి ఏది నమ్మదగినదిగా ఉందో కారణాలతో రాయమనండి. చరిత్ర అంటే తేలిపోయిన జవాబులను బట్టీపట్టడమని పన్నెండేళ్లుగా అలవాటుపడిన పిల్లలకు ఈ అభ్యాసం చాలా మేలు చేస్తుంది.

కోట లోపల కాపురముండేవారిని మరువకండి. రక్షిత కట్టడానికి దగ్గరగా ఇల్లు కట్టుకోవాలన్నా, ఉన్న ఇంటిని పెంచుకోవాలన్నా పురావస్తు శాఖ నిబంధనలు అడ్డువస్తాయి. ఆ ఇబ్బంది వారి నోటనే వినాలి.

రామప్ప గుడికి పోదామని పిల్లలు తప్పకుండా అడుగుతారు. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. చూడవలసినదే, సందేహం లేదు. కాని అది పాలంపేటలో ఉంది, రోజంతా తీసుకుంటుంది, పైగా ఈ కోర్సు నగరానికి సంబంధించినది. ఆ ప్రయాణాన్ని కోర్సు గంటల్లో కలపకుండా వేరుగా పెట్టుకోవడం మేలు.

ఎనుమాముల: ఒక బస్తా వెంట నడవండి

మిర్చి ఎక్కువగా వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ముందుగా మార్కెట్ కార్యదర్శికి కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇచ్చి, తెల్లవారుతుండగానే బయలుదేరాలి. ఆలస్యంగా పోతే చూడవలసింది అయిపోతుంది. ఆరుగురికి మించని జట్లుగా విడగొట్టండి. ప్రతివాళ్ల దగ్గరా తడిపిన చేతిరుమాలు ఉండాలి. ఘాటుకు మొదటి పది నిమిషాలు తుమ్ములూ దగ్గులూ ఆగవు, కళ్లు నలుపుకోవద్దని ముందే చెప్పాలి. ఆస్తమా ఉన్న విద్యార్థులకు వేరే పని ఇవ్వండి.

యార్డు మొత్తం చూపించాలని ప్రయత్నించవద్దు. ఒక్కో జట్టు ఒక్కో రైతు సరుకును, ఆయన అనుమతితో, దించినప్పటి నుంచి డబ్బు ముట్టేదాకా వెంబడించాలి. పొద్దున జెండా పాటలో, అంటే మొదటి వేలంలో, పలికిన ధర ఆ రోజుకు గరిష్ఠ ధర. మిగతా రాశులకు రంగును, తేమను, తాలును (రంగు చెడిన కాయలను) బట్టి అంతకంటే తక్కువ పలుకుతుంది. ఖరీదుదారు బస్తా లోపలికి చేయి పోనిచ్చి నాలుగు కాయలు తీసి, విరిచి, గింజ చూసి ధర చెప్తాడు. ఆ నిమిషంలో రైతు ముఖం చూడటం కాదు, ఇద్దరి మధ్యా జరిగిన మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి. తర్వాత కాంటా, దడువాయి (తూకం వేసే మనిషి) తూకం, హమాలీలు ఎత్తడం, చివరకు అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) రాసిచ్చే తక్‌పట్టీ, అంటే లెక్కల చీటీ. రైతు ఒప్పుకుంటే ఆ తక్‌పట్టీని నోటుబుక్కులోకి ఎత్తి రాసుకోవాలి: బరువు, ధర, హమాలీ, దడువాయి, అడ్తి కమీషన్, చేతికొచ్చింది. జెండా పాట ధర ప్రకారం లెక్కేస్తే ఎంత రావాలి, వచ్చింది ఎంత అన్నది కాలేజీకి వచ్చాక కామర్స్ విద్యార్థులు పట్టికగా వేయగలరు. మా నాన్న పోయినేడు ఇక్కడికే తెచ్చాడు అని ఏదో ఒక జట్టులో ఒక విద్యార్థి అంటాడు. ఆ విద్యార్థి ఇష్టపడితే ఇంట్లో ఉన్న పాత తక్‌పట్టీని తెమ్మనవచ్చు, ఒత్తిడి చేయకూడదు.

చపాటా మిర్చి కనిపిస్తే చూపించండి. టమాటాలా గుండ్రంగా ఉండే ఈ కాయకు కారం తక్కువ, రంగు ఎక్కువ; 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మిల్లు, మగ్గం

నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు వరంగల్‌ను పరిశ్రమల పట్టణంగా మార్చింది. అది మూతపడ్డాక వేల కుటుంబాల దారి మారిపోయింది. ఇప్పుడు అక్కడ చూడటానికి పెద్దగా మిగలలేదు కనుక, ఈ పాఠం మనుషుల ద్వారానే నేర్చుకోవాలి. మిల్లులో పనిచేసినవారు, వారి పిల్లలు నగరంలో ఉన్నారు. విద్యార్థులు ఇద్దరేసి చొప్పున పోయి ఒకరిని కలవాలి. మీ జీవితం గురించి చెప్పండి అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. మొదటి నెల జీతం ఎంత, అందులోంచి మొదట ఏమి కొన్నారు, షిఫ్టు మారినట్టు బస్తీకి ఎలా తెలిసేది, మీ పక్కన పనిచేసినవాళ్లు ఏ ఊరివాళ్లు, ఏ భాష మాట్లాడేవారు, మూసేశారని మీకు ఎవరు చెప్పారు అని అడగాలి. రికార్డు చేసేముందు అనుమతి తీసుకోవాలి. ఉర్దూలో మాట్లాడే పెద్దవాళ్ల దగ్గరికి ఉర్దూ వచ్చిన విద్యార్థిని జట్టు చేసి పంపండి. ఆ భాష వదిలేస్తే మట్టెవాడ, మండిబజార్ల చరిత్రలో సగం పోతుంది.

అదే వారం కొత్తవాడలో షత్రంజీలు (నూలు తివాచీలు) నేసే మగ్గాల దగ్గర ఒక గంట గడపండి. వరంగల్ షత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలు ఎవరు ఇస్తారు, కూలి ఎట్లా కడతారు, ఇంట్లో పిల్లలు ఈ పని నేర్చుకుంటున్నారా అన్న మూడు ప్రశ్నలు చాలు. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన టెక్స్‌టైల్ పార్కు గురించి వారు ఏమనుకుంటున్నారో కూడా వినవచ్చు.

కాజీపేటకు ఒక సాయంత్రం చాలు. ఢిల్లీ, సికింద్రాబాద్, విజయవాడ దారులు కలిసే జంక్షన్ చుట్టూ ఊరు ఎలా పెరిగిందో, దర్గా, ఫాతిమానగర్ చర్చి, రైల్వే కాలనీ ఎలా పక్కపక్కన ఉన్నాయో ఆ నడకలో తెలుస్తుంది. హనుమకొండలో 1904లో స్థాపించిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయానికి ఒక మధ్యాహ్నం పంపండి. ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో ఒక తెలుగు గ్రంథాలయం నడపడం ఎంత పట్టుదల కోరిందో అధ్యాపకులు ముందే చెప్పి పంపాలి. ఎంజీఎం ఆసుపత్రికి మాత్రం చూడటానికని పిల్లలను తీసుకుపోవద్దు. రోగుల బాధ మన పాఠం కాకూడదు.

నోటుబుక్కు, మార్కులు

రాతపరీక్ష పెడితే ఈ కోర్సు వారంలో గైడు పుస్తకంగా మారిపోతుంది. వందలో నలభై మార్కులు నోటుబుక్కుకు, ముప్పై ఇంటర్వ్యూకు, ముప్పై చివరి పటానికి ఇవ్వడం మేలు. నోటుబుక్కులో కుడిపేజీ మీద చూసింది, విన్నది. ఎడమపేజీ మీద తాము అనుకున్నది రాయాలి. రెండూ కలిస్తే మార్కులు తగ్గించండి. విన్న మాటలను విన్న యాసలోనే రాయమనండి. సెప్టెంబరు 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే ఊళ్లో చదువుతూ, విద్యార్థి తన అమ్మమ్మ మాటను గ్రాంథికంలోకి మార్చి రాయవలసిన అవసరం లేదు. నోటుబుక్కును రెండు వారాలకు ఒకసారి చదివి, ప్రతి దాంట్లో ఒక ప్రశ్న రాసి తిరిగి ఇవ్వండి. అరవైమంది తరగతికి ఇది అధ్యాపకులకు పెద్ద పనే, కనుక ఇద్దరు అధ్యాపకులు పంచుకునేలా చూసుకోవాలి, వీలైతే ఒకరు చరిత్ర, మరొకరు అర్థశాస్త్రం లేదా భూగోళం నుంచి ఉండాలి.

అమ్మాయిల హాస్టల్ వేళలు, బస్సు వేళలు చూడకుండా ఏ నడకా పెట్టవద్దు. ఎండలు ముదిరాక పది గంటలలోపే ముగించాలి. ప్రతి బయటి పనికీ అనుమతి పత్రం, జట్టులో ఒకరి దగ్గర అధ్యాపకుల ఫోన్ నంబరు ఉండాలి.

చివరి పనిగా, మహానగరపాలక సంస్థలోని 66 డివిజన్లలో తాము ఏ డివిజన్‌లో ఉంటున్నారో కనుక్కుని, మొదటిరోజు గీసిన పటాన్ని విద్యార్థులు మళ్లీ గీయాలి. ఈసారి నాలా, చెరువు, నల్లా నీరు వచ్చే దారి, తాము మాట్లాడిన మనుషుల ఇళ్లు అందులో ఉండాలి. ఇంటర్వ్యూ ఇచ్చినవారందరినీ కాలేజీకి పిలిచి, వారి ఎదుటనే ఆ పటాలను గోడకు పెట్టి, రాసిన ఇంటర్వ్యూ ప్రతిని వారి చేతికి ఇవ్వండి. తప్పు రాసిన చోట వారు చెప్తారు, విద్యార్థి అక్కడే పెన్నుతో దిద్దుకోవాలి. దిద్దిన ప్రతులను కాలేజీ గ్రంథాలయంలో డివిజన్ల వారీగా భద్రపరిస్తే, మరుసటి ఏడాది చేరేవారు అప్పటికే అడిగిన ప్రశ్నలు వదిలేసి, అడగని వీధుల నుంచి మొదలుపెట్టగలుగుతారు.